మా అమ్మమ్మ ద్రాక్షతోట - నేను నేర్చుకున్న కంప్యూటర్ కథ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు చాలామంది మిత్రులు కవితలు, సూక్తులు, పొడుపు కథలు ఇచ్చారు. నాకు కవిత్వం రాదు. అందుకని ఈ విద్యా సంవత్సరంలో ఆదివారాలు మన కంప్యూటర్ గదిలో కూర్చుని నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాను. దీన్ని డిజిటల్ స్టోరీ టెల్లింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మన కథను మన గొంతుతో రెండు మూడు నిమిషాలు చెప్పి, దానికి ఫోటోలు, బొమ్మలు జతచేసి కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక చిన్న వీడియోగా తయారు చేయడం. ఇక్కడ చదివి వెళ్లిన అన్నలు, అక్కలు ఇది చూస్తే "మేమున్నప్పుడు ఆ గదిలో బియ్యం బస్తాలు ఉండేవి కదా" అని నవ్వుకుంటారేమో. బస్తాలు ఇప్పుడు పక్క గదిలోకి మారాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నా వీడియోలో వాటికీ భాగం ఉంది.

మాకు నేర్పిన అక్క ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజున మేడ్చల్ దాకా బస్సులో వచ్చేది. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. కంప్యూటర్లు నాలుగు, అందులో ఒకటి మూడ్ బాగుంటేనే పనిచేస్తుంది. మొదటి నెలంతా పవర్‌పాయింటే. దాన్ని రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ అనేవారు తయారు చేశారని, 1987లో మొదట మాకింటాష్ కంప్యూటర్ల కోసం వచ్చిందని, అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1 కోటి 40 లక్షల డాలర్లకు కొన్నదని అక్క చెప్పింది. అంతకుముందు ఆఫీసుల్లో ప్లాస్టిక్ షీట్ల మీద రాసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపించేవారు. ఆ షీట్ల పని తేలిక చేయడానికి పుట్టింది కాబట్టే, దాన్ని తెరవగానే పైన ఒక శీర్షిక డబ్బా, కింద పాయింట్ల డబ్బా కనిపిస్తాయి. సరుకు అమ్మేవాళ్లకు అది బాగానే ఉంటుంది. మనింట్లో మనిషి గురించి పాయింట్లు రాయమంటే ఏం రాస్తాం?

అయినా ఆ నెలలో పనికొచ్చే సంగతులు చాలా తెలిశాయి. అక్షరాలు చివరి వరుసలో కూర్చున్న చెల్లెలికి కూడా కనిపించాలి. పసుపు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే ఎవరికీ కనిపించవు. బయట సెంటర్‌లో అను ఫాంటులో టైపు చేయించి తెచ్చిన తెలుగు మన కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా వస్తుంది, యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఇక అక్షరాలు గిరగిర తిరుగుతూ వచ్చి పడే యానిమేషన్ అంటే మా అందరికీ మహా సరదా. అక్క వద్దనలేదు. ఒక ఆదివారం పద్నాలుగు మంది స్లైడ్లూ వరుసగా వేసి చూపించింది. ఏడో దానికే అందరం చేతులెత్తేశాం.

తర్వాత అసలు పాఠం మొదలైంది. 1990ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డేనా ఆచ్లీ, జో ల్యాంబర్ట్ అనే ఇద్దరు, నాటకాలూ ప్రదర్శనలూ వేసే మనుషులు, మామూలు జనానికి కంప్యూటర్ మీద తమ కథ తామే చేసుకోవడం నేర్పడం మొదలుపెట్టారట. వారి పద్ధతిలో ముందు కథ కాగితం మీద రాసుకోవాలి. దాన్ని సొంత గొంతుతో చదివి రికార్డు చేయాలి. బొమ్మలు ఆ తర్వాతే. మేమంతా ముందు బొమ్మలు వెతుక్కుని వాటి కింద మాటలు పెట్టే అలవాటున్న వాళ్లం కాబట్టి ఇది తలకిందులుగా అనిపించింది. కథ రాసేటప్పుడు ఒక్క మనిషిని, ఒక్క పనిని తీసుకోండి అన్నది అక్క. నేను మా అమ్మమ్మను, ఆమె చేసిన ద్రాక్షతోట పనిని తీసుకున్నాను.

చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలియకపోవచ్చు. ఇప్పుడు వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు కనిపించే మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపంతా ఒకప్పుడు ద్రాక్షకు పేరున్న ప్రాంతం. అనాబ్-ఎ-షాహి అని పెద్ద పెద్ద పండ్ల రకం హైదరాబాద్ చుట్టుపక్కల బాగా పండేది. తర్వాత గింజ లేని థామ్సన్ రకం వచ్చింది. మా ఊరు శామీర్‌పేట దాటి, రాజీవ్ రహదారి నుంచి లోపలికి తిరిగితే వస్తుంది. అమ్మమ్మ పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి తోట తీసేసేదాకా ఒకే తోటలో కూలికి పోయింది. బోర్లలో నీళ్లు అడుగంటాయి, ఎంత లోతు వేసినా దుమ్మే వచ్చింది. మరోపక్క 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వస్తోందంటే భూమి ధరలు పెరిగాయి. తోట పోయి ప్లాట్లయింది. అమ్మమ్మ ఆ తర్వాత వేరే పనులకు పోయింది. వాటి గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు గానీ ద్రాక్ష అంటే మాత్రం మాట్లాడుతుంది.

కథ రాయడం నాలుగు రోజుల్లో అయిపోయింది. చిక్కు బొమ్మల దగ్గర వచ్చింది.

"ఇంటి నుంచి పాత ఫోటోలు, ఆల్బమ్‌లు తెచ్చుకోండి" అని ఈ పద్ధతి గురించిన పాఠాలన్నింటిలో ఉంటుంది. ఆ పాఠాలు రాసినవాళ్ల ఇళ్లలో ఆల్బమ్‌లు ఉంటాయి కాబోలు. మా బ్యాచ్‌లో దసరా సెలవుల తర్వాత ఏమేం ఫోటోలు వచ్చాయో చెబుతాను. రేషన్ కార్డు ఫోటోలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఎవరి పెళ్లిలోనో అంచున సగం తెగిపోయి నిలబడ్డ అమ్మలు, చనిపోయాక పెద్దది చేయించి దండ వేసిన నాన్నలు. మా ఇంట్లో అమ్మమ్మవి రెండే ఉన్నాయి. ఒకటి ఆధార్ కార్డు మీద ఉన్నది, రెండోది పింఛను కాగితాల కోసం తీయించింది. రెండింట్లోనూ ఎవరో గద్దించినట్టు చూస్తుంటుంది. తోటలో పని చేస్తుండగా ఆమెను ఎవరూ ఫోటో తీయలేదు. కూలి మనిషిని ఆ రోజుల్లో ఎవరు తీస్తారు?

ఇలాంటి ఖాళీ కనిపిస్తే కంప్యూటర్ ఒక్క క్షణం ఊరుకోదు. అక్క మాకు కాన్వా కూడా నేర్పింది. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన ఈ సాధనంలో తయారు చేసిన డిజైన్లు, ఫోటోలు లెక్కలేనన్ని ఉంటాయి, చాలావరకు ఉచితం. ద్రాక్షతోట అని వెతికితే తెర నిండిపోయింది. కొండవాలు మీద నడుమెత్తు వరుసలు, గడ్డి టోపీ పెట్టుకుని నవ్వుతున్న తెల్లావిడ, పక్కన బుట్ట, సాయంత్రం ఎండ. చూడటానికి ఎంతో బాగున్నాయి. నాలుగైదు ఫోన్‌లో దాచుకుని ఊరికి పోయినప్పుడు అమ్మమ్మకు చూపించి, మీ తోట ఇట్లనే ఉండేదా అని అడిగాను.

ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "గిదేం తోట బిడ్డా? గిట్ల నడుమంత ఎత్తుల ఉంటే మా రెక్కలు ఎందుకు పడిపోతుండె?"

అప్పుడు చెప్పింది. మన దగ్గర ద్రాక్ష పందిరి మీద పండేది. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు అల్లితే, మనిషి తల మీద పచ్చటి కప్పులాగా తీగ పాకుతుంది. గుత్తులు కిందికి వేలాడుతుంటాయి. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, దసరా, దీపావళి రోజుల్లో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తారు. పిందె పడ్డాక గుత్తిలో కాయలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా చిన్న కత్తెరతో పలచన చేయాలి. థామ్సన్ రకానికైతే మందు కలిపిన నీళ్ల డబ్బా పట్టుకుని ఒక్కో గుత్తిని అందులో ముంచి తీయాలి. ఇదంతా చేతులు పైకెత్తి, మెడ వెనక్కి వంచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని. ఆకుల మీది మందు, దుమ్ము కళ్లలో పడేవి. రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి వంగేది కాదట. ఇప్పటికీ అమ్మమ్మ దండెం మీద బట్టలు ఆరేయదు. ఎందుకో మాకెవరికీ అప్పటిదాకా తోచలేదు, ఆ పని మా అమ్మ చేస్తుంది అనుకున్నాం అంతే.

ఆ తెల్లావిడ ఫోటో పెట్టి ఉంటే మా అమ్మమ్మ భుజం నొప్పి మొత్తం వీడియోలోంచి మాయమైపోయేది. నేను గొంతుతో ఎంత చెప్పినా చూసేవాళ్లకు నడుమెత్తు తోటే గుర్తుంటుంది. ఒక బొమ్మ అందంగా ఉండి అబద్ధం చెప్పగలదని నాకు అక్కడ తెలిసింది.

ఇదే మాట అక్కతో అంటే ఆమె జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంగతి చెప్పింది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, ఎక్కువమంది బడికి పోనివారు, 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ విత్తనాల మీద, తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. 2008లో మాచనూరు నుంచి సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. కెమెరా కోణాలకు వాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారట. పై నుంచి కిందికి చూపించేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ ఎత్తు మీద కూర్చుని మనల్ని అలాగే చూసేవాడు. కింద నుంచి పైకి చూసేది జీతం చేసేవాని చూపు. ఎదురెదురుగా, కళ్లకు సమంగా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ కింద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. ఇది విన్నాక నేను మా బ్యాచ్ వాళ్ల ఫోన్లలో ఫోటోలన్నీ మళ్లీ చూశాను. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మలందరినీ మేం నిలబడి పై నుంచే తీసి ఉన్నాం. తర్వాతి వారం అందరూ నేల మీద కూర్చుని తీశారు.

ఈ మాట అమ్మమ్మకు చెబితే ఆమె ఇంకా పాత సంగతి ఒకటి తీసింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల వాడకు డక్కలి వాళ్లు పటం తెచ్చేవారట. రెండు కర్రల మధ్య బట్ట వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మను కట్టెతో చూపిస్తూ జాంబపురాణం చెప్పేవారు. అలాంటి పటాలు గీసే నకాషీ కళాకారులు ఇప్పటికీ సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఉన్నారు. బట్టకు గంజి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద అడ్డ పట్టీలుగా కథ గీస్తారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, చెప్పేవాళ్లూ వేరే. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. ఒక బొమ్మ, దానికి సరిపడా మాట, ఆ తర్వాత ఇంకో బొమ్మ. మా కంప్యూటర్ గదిలో నేర్చుకున్న స్లైడ్ షో అంటే ఇంతే కదా. వీడియోలో ఫోటో మీద నెమ్మదిగా దగ్గరికి జరిగే ఎఫెక్ట్ ఒకటి ఉంటుంది. పటం కథలో ఆ పని కట్టె చేస్తుంది. చూసేవాడి కన్ను ఎటు పోవాలో కట్టె చెబుతుంది, మిగతా బట్ట అంతా చుట్టే ఉంటుంది కాబట్టి వాడు ముందుకు పోలేడు. పాయింట్లన్నీ ఒకేసారి తెర మీద పెట్టే లెక్చరర్లు ఇది ఒకసారి చూస్తే బాగుండునని నాకు అనిపించింది. ఇది ఎవరినీ ఉద్దేశించి రాయలేదు!

అలా నాకు బొమ్మలు దొరికే దారి తెలిసింది. ఇంటర్ చదివే ఒక చెల్లెలు బొగ్గుతో బాగా గీస్తుంది. పందిరి, కింద చేతులెత్తిన ఆడవాళ్లు, ముఖాలు లేకుండా, పటం పద్ధతిలో నాలుగు పట్టీలుగా గీయించాను. అమ్మమ్మ చేతులను కళ్ల ఎత్తులో పెట్టి ఫోటో తీశాను. ముఖం వద్దన్నది. "నేనేమన్న పెండ్లి పిల్లనా, నా మొకం ఎందుకే?" అని. తోట ఉన్న చోటికి ఆమెను తీసుకుని పోతే, వెంచర్ కంచె పక్కన ఒక రాతి కడీ ఇంకా నిలబడి ఉంది. పైన ఇనుప తీగ ఒరుసుకుని పడ్డ గాడి, దాని చుట్టూ తుప్పు మరక. అమ్మమ్మ దాని మీద చెయ్యి వేసి నిలబడింది. నా వీడియోలో అన్నింటికన్నా ఎక్కువసేపు ఉన్న ఫోటో అదే, పద్దెనిమిది సెకన్లు.

ఇప్పుడు బియ్యం బస్తాల సంగతి. హాస్టల్‌లో గొంతు రికార్డు చేయడమంటే మాటలు కాదు. గదిలో ఫ్యాన్, వరండాలో చెల్లెళ్లు, బకెట్ల చప్పుడు, అన్నీ సద్దుమణిగాయి అనుకుంటే నిజామాబాద్ లైను రైలు కూత. ఖాళీ గదిలో చదివితే బావిలోంచి మాట్లాడినట్టు ప్రతిధ్వని. చివరికి స్టోర్ గదిలో బస్తాల మధ్య దూరి చదివితే గొంతు శుభ్రంగా వచ్చింది, బస్తాలు చప్పుడును మింగేస్తాయి. మెస్ అక్క తాళం తీసి ఇచ్చి, బయట కాపలా కూడా ఉన్నది. తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన గుయ్యిమనే చప్పుడు తీసేశాం. దానికి ముందుగా ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని గుర్తు పెట్టి చూపించాలి, అప్పుడు ఆ గుయ్యిమనేది ఏదో దానికి తెలుస్తుంది. చేసేవాళ్లు రికార్డు నొక్కగానే చదవకుండా కొంచెం ఆగండి. వీడియో కూర్చింది ఫోన్‌లో, కైన్‌మాస్టర్‌లో. ఉచితంగా వాడితే మూలన వాళ్ల పేరు పడుతుంది, పడనీ.

ఒక సంగతి మాత్రం ఇంకా మా బ్యాచ్‌లో తేలలేదు. అమ్మమ్మ మాటలు రికార్డు చేస్తుండగా, తోటలో మధ్యాహ్నం పూట జరిగేదాని గురించి ఒక విషయం చెప్పింది. చెప్పి కాసేపు ఊరుకుంది. తర్వాత "ఇది కూడ పట్టిందా నీ ఫోను? ఇది పెట్టకు బిడ్డా, నీ హాస్టల్ల అందరు చూస్తరు" అన్నది. ఆమె ముందే ఆ ముక్క తీసేసి, మిగిలింది వినిపించాను. అదేమిటో ఇక్కడ కూడా రాయను. కానీ ఆ చోట వీడియోలో ఐదు సెకన్లు నల్ల తెర ఉంచాను, గాలి చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

నా రూమ్మేట్ దీనికి ఒప్పుకోలేదు. "అసలు కథ అదే. అది లేకపోతే తోట ఏదో పార్కులాగా ఉంటుంది. మన పెద్దవాళ్లు సిగ్గుపడి దాచినవే మనం చెప్పాలి. వాళ్లు సిగ్గుపడాల్సింది ఏముంది, అట్లా చేసినవాళ్లు పడాలి గానీ" అని రాత్రి స్టడీ అవర్ అయ్యాక కూడా వాదించింది. ఆమె మాటలో న్యాయం లేదని నేను అనను. భాగ్యరెడ్డి వర్మ గారు 1906లోనే హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మనవాళ్లలో తిరిగి చెప్పారంటే, చెప్పడం వల్ల ఏదో కదులుతుందనే కదా. కానీ ఆ మాట అమ్మమ్మది. ఆమె నా ముందు చెప్పింది, మెస్ హాల్ ముందు కాదు. ఆమె ఎప్పుడైనా సరే అంటే ఆ ఐదు సెకన్లు అక్కడే ఖాళీగా ఉన్నాయి. రూమ్మేట్ తన వీడియోలో వాళ్ల నాన్న సంగతి మొత్తం పెట్టింది, వాళ్ల నాన్నే పెట్టమన్నాడు. అది చూసి మెస్ హాల్‌లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ప్రదర్శన రోజున మెస్ హాల్ గోడకు తెల్ల దుప్పటి కట్టాం. ప్రొజెక్టర్ అడిగి తెచ్చింది. నాది రెండు నిమిషాల యాభై సెకన్లు. నల్ల తెర వచ్చినప్పుడు వెనక నుంచి ఒక చెల్లెలు "కరెంటు పోయిందా?" అని గట్టిగా అడిగింది. అమ్మా, అమ్మమ్మా శామీర్‌పేట నుంచి వచ్చి ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్నారు. పద్నాలుగు వీడియోలూ కంప్యూటర్ గదిలో రెండో నంబరు కంప్యూటర్‌లో ఉన్నాయి. పాత విద్యార్థులు ఎవరైనా వస్తే మేం చూపిస్తాం.

అయిపోయాక అమ్మమ్మ ఏమంటుందోనని దగ్గరికి పోయాను. మొదట పందిరి పొట్టిగా గీశారని అన్నది, గీసిన చెల్లెలిని పిలిపించి ఎంత ఎత్తో చెయ్యి పైకెత్తి చూపించబోయి, భుజం పట్టేసి మధ్యలోనే దించింది. తర్వాత కడీ ఫోటో గురించి అడిగింది.

"అది అంచు కడీ. బయటికి వంగి ఉంటది, చూసినవా? లోపలియి నిటారుగ ఉంటయి. తోట తీసేసినప్పుడు ఊరోళ్లు తలా ఒకటి తెచ్చుకున్నరు."

మరి అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగాను.

"ఎక్కడుంటయి? మీ అమ్మ రోజు బట్టలు ఉతికే బండ ఏందనుకున్నవ్?"